అయిదు కాన్పులు సులువుగా అయ్యాయి, ఆరోది కూడా అంతేనా?

చిన్నాడపడుచు
మా వదినకు ఇది ఆరో కాన్పు. వయసు ముప్పై ఎనిమిది, ఏడో నెల నడుస్తోంది. ముందు అయిదుగురూ మామూలు ప్రసవంలోనే పుట్టారు. ఇంట్లో పెద్దవాళ్లందరిదీ ఒకటే మాట: "తొలిచూలుకు భయపడాలి గాని, అయిదుగురిని కన్నదానికి భయమేమిటి? నొప్పులు వచ్చాక చూద్దాం." వదిన కూడా నవ్వేసి ఊరుకుంటుంది. నేను మాత్రం దగ్గరుండి చూస్తున్నాను. నాలుగు మెట్లు ఎక్కితే గోడ పట్టుకుని ఆగిపోతుంది. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపే కనిపించదు. అయిదోవాడు ఇంకా పాలు మానలేదు, అంతలోనే నెల తప్పింది. నాది అనవసరపు కంగారా? ఎక్కువ కాన్పులు అయినవాళ్లకు శరీరం అలవాటుపడి తేలికవుతుందా, ప్రమాదం పెరుగుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోరింట
మా అమ్మ ఏడుగురిని కన్నది. అందరూ ఇంట్లోనే పుట్టారు. ఇప్పటికీ నాకంటే చురుకుగా తిరుగుతుంది. ఊరికే భయపెట్టుకోకండి.

పొద్దుతిరుగుడు
గోరింట గారూ, ఏడుగురిని కని బతికి ఉన్నవాళ్లే మనకు ఆ కథ చెప్పగలరు. చెప్పలేకపోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

రాత్రి_డ్యూటీ
నేను ప్రసవాల వార్డులో నర్సును. చిన్నాడపడుచు గారూ, మీది అనవసరపు కంగారు కాదు.

"అలవాటైన శరీరం" అనే మాటలో సగం నిజం ఉంది. నొప్పులు మొదలయ్యాక బిడ్డ బయటికి రావడం మలిచూలుకు తొందరగానే జరుగుతుంది. చిక్కు అక్కడ కాదు, ఆ తర్వాత. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వస్తుంటుంది. మాయ ఊడిపోయిన చోట రక్తనాళాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటిని మూసేది గర్భసంచి కండరమే. ఆ కండరపు పోగులు రక్తనాళాల చుట్టూ అల్లుకుని ఉంటాయి, గట్టిగా ముడుచుకుని వాటిని నొక్కి పట్టేస్తాయి. కండరం ముడుచుకోకుండా మెత్తగా ఉండిపోతే రక్తం ఆగదు. ప్రసవం తర్వాత జరిగే అధిక రక్తస్రావంలో ఎక్కువ భాగానికి ఇదే కారణం. చాలా కాన్పులు అయినవాళ్లలో ఇది జరిగే అవకాశం ఎక్కువని మాకు చదువులోనే చెబుతారు. వార్డులో కూడా అలాంటి తల్లి వస్తే మందులు, సెలైన్ ముందే సిద్ధం చేసి పెట్టుకుంటాం.

మామూలు ప్రసవంలో 500 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావం అంటారు. ఒంట్లో రక్తం సరిపడా ఉన్న తల్లి అంత పోయినా తట్టుకోవచ్చు. మీరు చెప్పినట్టు కనురెప్ప పాలిపోయిన తల్లి అందులో సగం పోయినా కుప్పకూలవచ్చు. కాబట్టి ముందు ఈ వారమే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

లెక్కల_పిచ్చి
ఎన్నో కాన్పు నుంచి "ఎక్కువ" అంటారు? నాలుగా, అయిదా, పదా?

రాత్రి_డ్యూటీ
సాధారణంగా అయిదు, అంతకంటే ఎక్కువ ప్రసవాలు అయినవాళ్లను వేరుగా గుర్తు పెడతారు. పది దాటితే ఇంకో వర్గం. నాలుగు వరకు ఏమీ లేదు, అయిదో నాడు ప్రమాదం ఊడిపడుతుంది అని కాదు. కేసు కాగితం మీద కళ్లు పడటానికి ఒక గీత ఉండాలి కదా.

లెక్కల_పిచ్చి
ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. ఆరో కాన్పు నాటికి తల్లి వయసు ఎలాగూ ఎక్కువే. కాన్పుల మధ్య ఎడం తక్కువ. చాలామందికి రక్తహీనత. తరచూ డబ్బుకు ఇబ్బంది, ఆసుపత్రి దూరం. ఇవన్నీ కలిసి చేసే హానిని కాన్పుల సంఖ్య మీద వేస్తున్నామేమో. మంచి వైద్యం అందే చోట్ల జరిగిన కొన్ని అధ్యయనాల్లో వయసు మొదలైనవాటిని విడదీసి చూస్తే ఆ తేడా బాగా తగ్గిపోయింది. మధుమేహం, రక్తపోటు కూడా వయసుతోనే పెరుగుతాయి. పైగా రక్తపోటు పెరిగి మూర్ఛ దాకా తీసుకెళ్లే జబ్బు తొలిచూలులోనే ఎక్కువ.

పొద్దుతిరుగుడు
విడదీసి చూడటం కాగితం మీద బాగుంటుంది. చిన్నాడపడుచు వదిన నుంచి ఆమె వయసును, పాలిపోయిన కళ్లను, చంకలో పిల్లవాడిని ఎవరు విడదీస్తారు?

రాత్రి_డ్యూటీ
లెక్కల_పిచ్చి గారి మాటను నేను కొట్టిపారేయను. దాని అర్థం ఏమిటంటే సరైన ఏర్పాటు ఉంటే ఆరో కాన్పు కూడా క్షేమంగా జరుగుతుంది. మన ప్రశ్న ఆ ఏర్పాటు ఉందా లేదా అన్నదే. "అయిదుగురిని కన్నది కదా" అనే ధీమా ఆ ఏర్పాటునే చేయనివ్వదు. ఈ ధీమా కొత్తదేమీ కాదు. తొలిచూలు అంటే కష్టం, మలిచూలు అంటే సులువు అనే అభిప్రాయాన్ని వైద్యులు మనసులోంచి తీసేయాలని డబ్లిన్‌లో ప్రసూతి వైద్యుడు బెతెల్ సోలమన్స్ 1934లోనే రాశాడు.

నిప్పులాంటి_నిజం
ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ రోజుల్లో అయిదుగురు చాలక ఆరో బిడ్డ ఎందుకు? అసలు జబ్బు అక్కడ ఉంది.

వదినమ్మ
నిప్పులాంటి_నిజం గారూ, ఏడో నెలలో ఉన్న మనిషికి ఆ ప్రశ్న వల్ల ఏం మేలు? నా నాలుగో కాన్పులో పరీక్షకు వెళ్తే బల్ల మీద పడుకోబెట్టి "ఇంకా చాల్లేదా" అని అడిగారు. ఆ తర్వాత రెండు నెలలు ఆ గడప తొక్కలేదు. కాళ్లు వాచినా చెప్పలేదు, తల తిరిగినా చెప్పలేదు. ఎవరు ఎందుకు కంటున్నారో మనకు తెలియదు. కొందరికి ఇష్టం, కొందరికి మాట చెల్లదు, కొందరికి మందు అందదు. తిట్టు తిన్న తల్లి మళ్లీ రాదు. రానివాళ్లే ప్రాణం మీదికి తెచ్చుకునేది.

రాత్రి_డ్యూటీ
వదినమ్మ గారు చెప్పినది వార్డులో ఉన్న మా అందరి గోడకు రాసి పెట్టాలి.

కడగొట్టుది
నేను ఎనిమిదో సంతానం. అమ్మ ప్రాణానికి ఏమీ కాలేదు, అందుకే ఇంట్లో అందరూ "సులువుగా కన్నది" అంటారు. ఆమెకు గర్భసంచి జారింది. బరువు ఎత్తితే కిందికి వస్తుంది, కూర్చుంటే లోపలికి పోతుంది. దగ్గితే మూత్రం పడుతుంది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది, కారణం ఎవరికీ చెప్పలేదు. బట్టలు ఆరేస్తూ ఉన్నట్టుండి గుంజ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుండిపోతే అడిగాను. అప్పటికి ఎన్నేళ్లుగా మోస్తోందో! చచ్చిపోవడం ఒక్కటే ప్రమాదం అనుకుంటే ఇవన్నీ లెక్కలోకి రావు.

మందారమాల
కడగొట్టుది, అమ్మకు ఇప్పుడైనా చూపించారా? లోపల పెట్టే రింగు ఉంటుంది, ఆపరేషన్ లేకుండానే గర్భసంచిని పైకి నిలబెడుతుంది. మా పెద్దమ్మకు అదే పెట్టారు. ఎప్పటికప్పుడు తీసి శుభ్రం చేసి మళ్లీ పెట్టాలి, అంతే. జారడం మొదటి దశలో ఉంటే కటి కండరాల వ్యాయామం కూడా పనిచేస్తుంది. మూత్రం ఆపుకునేటప్పుడు బిగిసే కండరాన్నే బిగించి వదులుతూ రోజూ చేయాలి.

కడగొట్టుది
చూపించాం. రింగు పెట్టారు. ఇప్పుడు ఊళ్లు తిరుగుతోంది, పట్టుకోలేకపోతున్నాం.

గోరింట
నిన్న రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. ఈ చర్చ చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, మా తమ్ముడి కాన్పులో పరుపు కిందికి కారేంత రక్తం పోయిందట. మంత్రసాని పొట్ట మీద పిడికిలితో నొక్కుతూ తెల్లవారేదాకా కూర్చుందట. నాన్నకు కూడా చెప్పలేదట. ఇన్నేళ్లలో మాలో ఎవరమూ అడగలేదు.

రాత్రి_డ్యూటీ
ఆ మంత్రసాని చేతులకు దండం పెట్టాలి. ఇప్పటికీ మొదట చేసేది అదే, పొట్ట మీద నుంచి గర్భసంచిని రుద్ది గట్టిపరచడం. దానితోపాటు ఇప్పుడు మందులు ఉన్నాయి. బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇస్తే రక్తస్రావం చాలావరకు ముందే ఆగుతుంది. అయినా పోతుంటే ట్రానెక్సామిక్ ఆమ్లం ఇస్తారు, ప్రసవమైన 3 గంటలలోపే ఇవ్వాలి. ఇంకొక చిన్న విషయం, మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి సరిగా ముడుచుకోదు. కాన్పు కాగానే మూత్రం పోయించమని మేము వెంటపడేది అందుకే.

వెన్నెల_గూడు
రక్తం పోయి బతికితే చాలనుకోకండి. మా అత్తయ్యకు ఆరో కాన్పులో విపరీతంగా పోయింది. ఆ బిడ్డకు చుక్క పాలు రాలేదు, ముందు అయిదుగురికి పుష్కలంగా ఇచ్చిన మనిషికి. నెలసరి మళ్లీ రాలేదు. ఎప్పుడూ చలి, నీరసం, మంచం దిగడానికే బద్ధకం. "పిల్లలు ఎక్కువై అలిసిపోయింది" అన్నారు అందరూ. చాలా ఏళ్లకు ఒక డాక్టరు పాత సంగతులు ఓపికగా అడిగి రక్తపరీక్ష రాశారు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఆనాటి రక్తస్రావంలో దెబ్బతిన్నదట. షీహన్ సిండ్రోమ్ అంటారు. రోజూ హార్మోన్ మాత్రలు వేసుకుంటున్నారు, మనిషి మారిపోయారు. కాన్పులో బాగా రక్తం పోయి, పాలు రాక, నెలసరి రాక ఉన్నవాళ్లు మీ ఇళ్లలో ఉంటే ఈ పేరు డాక్టరు దగ్గర ఎత్తండి.

చిన్నాడపడుచు
ఇంతమంది రాస్తారనుకోలేదు. వదినను పట్టుబట్టి తీసుకెళ్లాను. హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. స్కానింగ్‌లో బిడ్డ అడ్డంగా ఉందన్నారు. ముప్పై వారాలు. అడ్డంగా ఉంటే ఆపరేషనేనా? డాక్టరు గారు తొందరలో ఉన్నారు, అడగలేకపోయాను.

రాత్రి_డ్యూటీ
ముందు రక్తం సంగతి. గర్భిణికి 11 ఉండాలి, 7 కంటే తగ్గితే తీవ్రం. 8.2 అంటే ఇంకా పది వారాల వ్యవధి చేతిలో ఉంది, వదులుకోకండి. ఒక్కో గర్భానికి తల్లి ఒంట్లోంచి దాదాపు 1,000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఎడం లేకుండా కాన్పులైతే ఆ నిల్వ నిండే సమయమే ఉండదు. ఐరన్ మాత్రను కాల్షియం మాత్రతో కలిపి వేయకండి, రెండింటికీ మధ్య కొన్ని గంటలు ఉండాలి. మాత్రలు పడకపోయినా, సమయం చాలదనిపించినా నరంలోకి ఐరన్ ఎక్కిస్తారు. వచ్చేసారి ఆ మాట నోరు తెరిచి అడగండి.

ఇక అడ్డం. ముప్పై వారాలకు కంగారు లేదు, చాలామంది బిడ్డలు తర్వాత తలకిందులవుతారు. కాని ఎక్కువ కాన్పులైన తల్లికి పొట్ట కండరాలు వదులుగా ఉంటాయి, బిడ్డ నెలలు నిండాక కూడా ఈ రోజు అడ్డం, రేపు నిలువు అని తిరుగుతూనే ఉండవచ్చు. 37 వారాల తర్వాత కూడా అలాగే ఉంటే ఆసుపత్రిలోనే ఉండమని చెబుతారు. ఇంట్లో ఉమ్మనీరు పోతే బిడ్డ కంటే ముందు బొడ్డుతాడు జారి రావచ్చు. తాడు నలిగితే బిడ్డకు ప్రాణవాయువు అందదు, నిమిషాల్లో తేలిపోతుంది.

మందారమాల
తాడు కనిపిస్తే ఏం చేయాలి? ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి కదా.

రాత్రి_డ్యూటీ
అంబులెన్సు పిలవాలి. తల్లిని మోకాళ్లు, ఛాతీ నేలకు ఆన్చి, నడుము పైకి ఉండేలా ఉంచాలి. తాడును లాగకూడదు, లోపలికి తోయకూడదు, పట్టుకుని చూడకూడదు. అంతకంటే ఇంట్లో చేయగలిగింది లేదు.

లెక్కల_పిచ్చి
అడ్డంగా ఉన్న బిడ్డను నొప్పులతోనే దించేద్దాం అనుకునేవాళ్లు ఉంటారు. దాని సంగతి కూడా చెప్పండి. తొలిచూలులో దారి లేకపోతే నొప్పులు సన్నగిల్లి ఆగిపోతాయట, మలిచూలులో మాత్రం గర్భసంచి ఆగకుండా తోస్తూనే ఉండి చివరికి చిరిగిపోతుందని విన్నాను.

రాత్రి_డ్యూటీ
నిజమే. అందుకే ఎక్కువ కాన్పులైనవాళ్లకు నొప్పులు పెంచే ఇంజెక్షన్లు, మాత్రలు చాలా జాగ్రత్తగా, పక్కన మనిషిని పెట్టి ఇస్తారు. "నొప్పులు తొందరగా రావడానికి" ఎవరో ఇంటికి వచ్చి సూది వేస్తామంటే ఒప్పుకోకండి. ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి.

రెండు_కుట్లు
ఇక్కడ అందరూ మామూలు కాన్పుల గురించే రాస్తున్నారు. నావన్నీ సిజేరియన్లు. మూడోసారి స్కానింగ్‌లో మాయ కిందికి, పాత కోత మీదికి వచ్చిందన్నారు. మాయ ఆ మచ్చలోకి వేళ్లు దిగినట్టు పాతుకుపోతుందట, లాగితే రాదు, రక్తం ఆగదు. అలా మాయ కిందికి ఉన్నవాళ్లలో అది రెండో సిజేరియన్ అయితే నూటికి 11 మందికి, మూడోది అయితే 40 మందికి, నాలుగోది అయితే 61 మందికి పాతుకుపోయినట్టు తేలిందని మా డాక్టరు చెప్పారు. నాకు ముందే తెలిసింది కాబట్టి పెద్ద ఆసుపత్రిలో, రక్తం సిద్ధంగా పెట్టుకుని, తేదీ చూసుకుని చేశారు. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. నేనూ పాపా ఇద్దరమూ ఉన్నాం. సిజేరియన్ అయినవాళ్లు మళ్లీ గర్భం వస్తే "మాయ ఎక్కడ ఉంది, కోత మీద ఉందా" అని స్కానింగ్ చేసేవాళ్లను అడగాలి.

ఓ_నెగటివ్
ఇంకెవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. తల్లిది నెగటివ్ గ్రూపు, తండ్రిది పాజిటివ్ అయితే కాన్పు పెరిగేకొద్దీ బిడ్డకు ముప్పు పెరుగుతుంది. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. ఆ కాన్పులో బిడ్డ రక్తం తల్లిలో కలిస్తే తల్లి ఒళ్లు దానికి విరుగుడు పదార్థాలు (యాంటీబాడీలు) తయారు చేసుకుంటుంది. తర్వాతి పాజిటివ్ బిడ్డల రక్తకణాలను అవి నాశనం చేస్తాయి. మా అమ్మమ్మకు మొదటి ఇద్దరూ దక్కారు, తర్వాత వరుసగా పోయారు. దిష్టి అన్నారు, శాపం అన్నారు. ఆ విరుగుడు తయారు కాకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ 1968లో వాడుకలోకి వచ్చింది, అప్పటికే ఆమెకు అంతా అయిపోయింది. 28వ వారంలో ఒకసారి, పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటలలోపు మరోసారి వేస్తారు. గర్భం పోయినప్పుడు కూడా అడగాలి, అక్కడే చాలామంది మరిచిపోతారు.

చిన్నాడపడుచు
వదినది బి పాజిటివ్. ఆ ఒక్క గండం లేదు.

పసిడి_బొమ్మ
బిడ్డల వైపు నుంచి కూడా చూడాలి. మా మూడోదానికి, నాలుగోవాడికి మధ్య ఏడాది కూడా లేదు. వాడు నెలలు నిండకుండా పుట్టాడు, చేతిలో పట్టుకుంటే బరువే తెలియలేదు. ఒక కాన్పు అయిన 18 నెలలలోపే మళ్లీ గర్భం వస్తే నెలలు నిండకపోవడం, బరువు తక్కువ ఎక్కువగా కనిపిస్తాయి. కనీసం 24 నెలలు ఆగి ప్రయత్నించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, గర్భం పోతే 6 నెలలు. నష్టం కడుపులో ఉన్నవాడికే కాదు. అప్పటిదాకా పాలు తాగుతున్న పిల్ల తల్లి ఒడి కోసం ఏడ్చి ఏడ్చి చిక్కిపోయింది.

ముగ్గురి_అమ్మ
పసిడి_బొమ్మ, మీ మాటలకు కళ్లు తడిశాయి. కాస్త తేలిక చేస్తాను. మా రెండోవాడు స్కానింగ్ గదిలో డాక్టరును "లోపల ఇంకా ఎంతమంది ఉన్నారో ఒకేసారి చూసి చెప్పండి, నా బొమ్మలు దాచుకోవాలి" అన్నాడు.

పసిడి_బొమ్మ
వాడికి అన్నీ అర్థమయ్యాయి. :)

ముగ్గురి_అమ్మ
ఒక సందేహం. మొదటి కాన్పు తర్వాత లేని కడుపునొప్పి మూడో కాన్పు తర్వాత వచ్చింది. బిడ్డకు పాలిస్తుంటే పొట్ట మెలిపెట్టేది. అది ప్రమాదమా?

రాత్రి_డ్యూటీ
కాదు. పాలిచ్చేటప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్‌తో గర్భసంచి ముడుచుకునే నొప్పి అది. కాన్పులు పెరిగేకొద్దీ ఎక్కువే ఉంటుంది. కొద్ది రోజుల్లో పోతుంది. జ్వరం, దుర్వాసన తోడైతే మాత్రం ఆసుపత్రికి వెళ్లాలి.

నడిమింటి_నాన్న
ఆడవాళ్ల చర్చలోకి వచ్చినందుకు ఏమనుకోకండి. నలుగురి తండ్రిని. మా ఆవిడ నాలుగో కాన్పులో రక్తం ఎక్కించాల్సి వచ్చింది. తలుపు బయట నిలబడి ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం నాది. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ నేనే చేయించుకున్నాను. ఆడవాళ్ల ఆపరేషన్ కంటే చిన్నది, పొట్ట తెరవరు, మత్తు కూడా ఆ చోట మాత్రమే. వెంటనే పనిచేయదు, మూడు నెలలు ఇతర జాగ్రత్త తీసుకుని, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే నమ్మాలి. బలం తగ్గుతుందనే మాట అబద్ధం, బస్తాలు మోసే పని నాది.

వదినమ్మ
మీలాంటివాళ్లు ముందే వచ్చి ఉంటే ఈ చర్చ ఇంత పొడవు ఉండేది కాదు.

లెక్కల_పిచ్చి
చదివేవాళ్లు గర్భమంటేనే బెదిరిపోకుండా ఒక మాట. ఎక్కువ మందిని కన్నవాళ్లలో అండాశయ క్యాన్సర్, గర్భసంచి లోపొర క్యాన్సర్ తక్కువ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మాత్రం ఎక్కువ, కాబట్టి ఆ పరీక్షను వీళ్లు అసలు వదలకూడదు.

చిన్నాడపడుచు
ఇదంతా అన్నయ్యకు ఫోనులో చూపించాను. నడిమింటి_నాన్న గారి మాట రెండుసార్లు చదివాడు. నరంలోకి ఐరన్ ఎక్కించడానికి తేదీ ఇచ్చారు. కాన్పు ఆసుపత్రిలోనే అని ఒప్పుకున్నారు. ఇక ఏ ఆసుపత్రి అనేదే తేలలేదు. దగ్గరలో ఒక చిన్నది, దూరంలో ఒక పెద్దది ఉన్నాయి.

రెండు_కుట్లు
పెద్దది. ఆలోచించకండి.

మందారమాల
మలిచూలు నొప్పులు ఒక్కోసారి మూడు గంటలలోపే తేల్చేస్తాయి. దూరం అంటే దారిలోనే కాన్పు కావచ్చు. రెండు_కుట్లు గారిది తేదీ పెట్టి చేసిన ఆపరేషన్, ఇది వేరు.

రాత్రి_డ్యూటీ
ఇద్దరూ చెప్పింది నిజమే. అందుకే ఆసుపత్రి పేరు చూసి తేల్చుకోవద్దు, వెళ్లి అడగండి. అర్ధరాత్రి రక్తం కావాలంటే ఇక్కడే దొరుకుతుందా, బయటి నుంచి తేవాలా, తేవడానికి ఎంతసేపు? రాత్రి ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు లోపల ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? చిన్న ఆసుపత్రి ఈ రెండింటికీ సూటిగా జవాబు చెబితే అదే మంచిది. నసిగితే పెద్దదే. అప్పుడు నెలలు నిండేసరికి ఆ ఆసుపత్రికి దగ్గరలో ఉన్న బంధువుల ఇంటికి మకాం మార్చండి. పిల్లలు అయిదుగురినీ ఎవరు చూసుకుంటారో కూడా ఇప్పుడే తేల్చండి. వాళ్లను ఎవరికి అప్పగించాలో తెలియకే చాలామంది తల్లులు నొప్పులు ఓర్చుకుంటూ ఇంట్లో ఉండిపోతారు.

వెన్నెల_గూడు
ఇంటికి వచ్చాక కూడా కనిపెట్టి ఉండాలి. గంటలోనే ప్యాడ్ పూర్తిగా తడిసినా, పెద్ద గడ్డలు పడినా, కళ్లు తిరిగినా, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆరు వారాల వరకు ఇది వర్తిస్తుంది.

చిన్నాడపడుచు
పిల్లల్లో పెద్దవాళ్లు ముగ్గురూ నా దగ్గర ఉంటారు, చిన్నవాళ్లిద్దరూ వాళ్ల అమ్మమ్మ దగ్గర. ఆసుపత్రికి రేపు వెళ్లి ఆ రెండు ప్రశ్నలూ అడుగుతాను. ఇంకొకటి, కాన్పు కాగానే కాపర్-టి వేయించుకోవచ్చా? వదిన నన్ను పక్కకు పిలిచి అడిగింది.

రాత్రి_డ్యూటీ
వేయించుకోవచ్చు. మాయ పడిన వెంటనే గాని, 48 గంటలలోపు గాని వేస్తారు. ఆ గడువు దాటితే నాలుగు వారాలు ఆగాలి. అధిక రక్తస్రావం జరిగినా, ఇన్ఫెక్షన్ ఉన్నా అప్పటికప్పుడు వేయరు. పాలకు అడ్డు రాదు. నొప్పుల మధ్య అడిగితే ఎవరికీ వినపడదు, కాబట్టి వచ్చే పరీక్షకు వెళ్లినప్పుడే చెప్పి కేసు కాగితం మీద రాయించండి. అడిగింది మీ వదిన కాబట్టి ఆ మాట ఆమె నోటితోనే చెప్పనివ్వండి, మీరు పక్కన ఉంటే చాలు.